ఫొటోలో ఎడమ అంచున

ఆ ఉదయం రేవులో ఎవరూ లేరు. ఈ మాట ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెప్పగలిగేవాణ్ణి. ఎవరైనా ఉంటే అసలు ఆ ఫొటో తీసేవాణ్ణే కాదు. మనుషులున్న చోట కెమెరా తెరవడం నాకు అలవాటు లేదు. ఫొటో తీయాలంటే ముందు అడగాలి. అడిగాక ఎదుటివాళ్ళు సరేననేదాకా వాళ్ళ ముఖంకేసి చూస్తూ నిలబడాలి. మా ఇంట్లో ఎవరికీ అది నేర్పలేదు. అందుకే నా ఫొటోల్లో గోదావరి ఉంటుంది, జనాన్నీ బండ్లనీ ఏరు దాటించే పంటు ఉంటుంది, గట్టు మీద ఆరేసిన వలలుంటాయి. మనుషులుండరు.

కానీ పాలకొల్లులోని స్టూడియో యజమాని ఆ రోజు నా చేతిలో పెట్టిన ఫొటోలో ఒక మనిషి ఉంది. ఎడమ అంచున, చేపల గంప కాళ్ళ దగ్గర దించుకుని నిలబడ్డ ఒక ఆడమనిషి. నడివయసు. కొంగు నడుముకు దోపుకుంది. నేరుగా నా వైపే చూస్తోంది. ఆమెకూ నాకూ మధ్య పదిహేను అడుగులు కూడా లేవు.

కౌంటరు మీద ఫొటోను బోర్లా పెట్టాను.

"ఇది డబుల్ ఎక్స్‌పోజర్ అండి," అన్నాను. "ఫిల్ము తిప్పడం మరిచిపోయుంటాను. రెండు ఫొటోలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి."

ఆయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పెళ్ళిళ్ళ ఆల్బములతో స్టూడియో నడుస్తోంది గాని, వెనక గదిలో మందులు కలిపి ఫిల్ము కడగడం మాత్రం నాలాంటి ఇద్దరు ముగ్గురి కోసం మానకుండా ఉన్నాడు. నెగెటివ్ తీసి, వెలుతురుకేసి పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాడు.

"కాదండి. రెండు పడితే ఆవిడ చీరలోంచి వెనకాల గట్టు కనపడాలి కదండీ. ఎక్కడా కనపడట్లేదు. ఆవిడ అక్కడే ఉన్నారండి."

"లేదు."

"ఆయ్, మీరు లేదంటే లేదండి. ఫిల్ము మాత్రం ఉందంటోంది," అని నవ్వాడు. "పోనీలెండి, ఇన్నాళ్ళకి మీ ఫొటోలో ఒక మనిషి పడ్డారు. ఇప్పటిదాకా ఊరంతా ఖాళీ చేయించి తీసినట్టుండేవి."

నేను నవ్వలేదు. కవరు తీసుకుని బయటికి వచ్చాను. నరసాపురం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ ఫొటోను మళ్ళీ తీయడానికి ధైర్యం చాలలేదు. దయ్యమై ఉంటే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. దయ్యమంటే నాకు భయం లేదు. నా భయం వేరే.

మా నాన్నగారు చివరి ఇరవయ్యేళ్ళూ చూపు లేకుండా బతికారు. నలభై అయిదో ఏట మొదలైందట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడుగులు లెక్కపెట్టుకుని నడిచేవారు. గొంతులు గుర్తుపట్టి మాట్లాడేవారు. వాలు కుర్చీలో వీపు ఆనించకుండా నిటారుగా కూర్చుని, పేపరు చేతిలో పట్టుకుని, చదువుతున్నట్టే పేజీలు తిప్పేవారు. ఎవరో కాగితాలు తెచ్చి చోటు చూపిస్తే, వేలు పెట్టిన చోటల్లా సంతకం చేశారు. మూడు కాగితాలనుకుని అయిదింటి మీద చేశారు. మొగల్తూరు దారిలో ఉన్న మా మేడ అలా పోయింది. ఒకసారి చదివి వినిపించమని అడిగి ఉంటే పోయేది కాదు. అడగలేదు.

నాకు ఆ సంగతి తెలిసింది ఇరవయ్యో ఏట. కాలేజీ సెలవులకు వచ్చి ఆయన ఎడమ పక్కన నిలబడ్డాను. ఆయన నా మీదుగా చూస్తూ, "వీడింకా రాలేదేంటి?" అని అమ్మనడిగారు. అమ్మ నాకేసి చూసి, మాట్లాడవద్దని తల అడ్డంగా ఊపింది. నేను చప్పుడు కాకుండా వెనక్కి నాలుగడుగులు వేసి, గుమ్మంలోంచి గట్టిగా నడుస్తూ మళ్ళీ వచ్చాను. "ఇప్పుడే దిగాను నాన్నగారూ," అన్నాను.

అప్పటినుంచీ నా కళ్ళను నేను కాపలా కాస్తూనే ఉన్నాను. పొద్దున్న లేవగానే గోడ మీది క్యాలెండరులో తిథి, నక్షత్రం అక్షరాలు మంచం మీంచే చదువుతాను. చదవగలిగితే ఆ రోజుకు భయం లేదు. అరవై నాలుగేళ్ళు వచ్చినా చదవగలుగుతున్నాను. అందుచేత నాన్నగారికి వచ్చింది నాకు రాలేదనే నమ్మకంతో ఉన్నాను.

కెమెరా మా తాతగారిది. మూసి ఉంటే నల్లతోలు అట్ట వేసిన లావుపాటి పుస్తకంలా ఉంటుంది. పక్కనున్న మీట నొక్కితే ముందు తలుపు కిందికి వాలుతుంది, లోపలినుంచి మడతల తోలు తిత్తి సాగుతూ లెన్సు ముందుకొచ్చి టక్కుమని నిలబడుతుంది. పొలాలు, మిల్లులో వాటా, మేడ, ఒకదాని వెనక ఒకటి పోయినా ఇది మాత్రం మిగిలింది. పట్టుకుపోయినవాళ్ళకు ఇదేమిటో తెలియలేదు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, నరసాపురంలో మేము అద్దెకుంటున్న వాటాలో అటక మీద నుంచి దించి, తిత్తి మడతల్లో రెండు చిన్న చిల్లులు పడితే స్టూడియో ఆయన చేత పూడ్పించుకుని, వాడడం మొదలుపెట్టాను.

రోలుకు ఎనిమిది ఫొటోలే. రోజుకొకటి. పొద్దున్నే లాల్చీ జేబులో వేసుకుని రేవు దాకా నడుస్తాను. దీనికి బ్యాటరీ లేదు, దానంతటది ఏదీ చేయదు. ఎంత వెలుతురుందో మనమే చెప్పాలి. దూరం ఎన్ని అడుగులో కంటితో కొలిచి లెన్సు చుట్టూ ఉన్న అంకెల మీద పెట్టాలి. వెనక ఎర్రద్దంలో అంకె కనబడేదాకా ఫిల్ము తిప్పాలి. ఎడమ కన్ను మూసి, కుడి కన్ను వ్యూఫైండర్‌కు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. ఆ చిన్న చప్పుడుతో ఆ రోజు నా పని అయిపోతుంది. ఇంటికొచ్చి కాఫీ తాగేటప్పుడు వేళ్ళకు పాత తోలు వాసన ఉంటుంది. నాకు ఇంతకన్నా సంతోషం ఇచ్చింది ఈ పదేళ్ళలో ఏదీ లేదు. దూరం అంచనాలో నేను అడుగు కూడా తప్పనని స్టూడియో ఆయన పదిమందికీ చెప్పేవాడు. ఆ మాట నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇంటికి వచ్చి పాత ఫొటోలన్నీ మంచం మీద పరిచాను. ఒకదానిలో ఎడమ అంచున గేదె వెనక కాళ్ళు. ఇంకొకదానిలో సైకిలు చక్రం. మరొకదానిలో గొడుగు పట్టుకున్న చెయ్యి. వాటిని అప్పట్లోనూ చూశాను. ఎప్పుడు అడ్డొచ్చాయో అనుకుని వదిలేశాను. ఇప్పుడు లెక్కపెడితే పదకొండు ఉన్నాయి. పదకొండూ ఎడమవైపే. కుడివైపు ఒక్కటీ లేదు.

మర్నాడు చిన్న నోటుపుస్తకం కొన్నాను. ఎనిమిది ఫొటోలూ ఒకే పూటలో తీద్దామని బయలుదేరాను. నొక్కబోయే ముందు వ్యూఫైండర్‌లో ఏమేం కనబడుతున్నాయో ఎడమనుంచి కుడికి వరసగా రాసుకోవాలి, ఆ తర్వాతే నొక్కాలి. రాసినదీ ఫొటోలో ఉన్నదీ ఒకటే అయితే నేను బతికినట్టు.

రేవులో ఒకటి. కాలువ లాకుల దగ్గర రెండు. ఐసు ఫ్యాక్టరీ గోడ ఒకటి. టీ కొట్టు ముందు ఒకటి. చేపల చెరువు గట్టున మూడు. టీ కొట్టు ముందు రాసుకున్నది నాకు ఇప్పటికీ గుర్తుంది: 'తాటాకు పందిరి, ఖాళీ బల్ల, నీళ్ళ డ్రమ్ము, కొబ్బరిచెట్టు మొదలు. మనుషులు లేరు.' రెండుసార్లు చూసుకున్నాను. లేరు.

ఫిల్ము కడిగి రావడానికి అయిదు రోజులు పట్టింది. ఆ అయిదు రోజులూ నడిచేటప్పుడు గోడ వారనే నడిచాను. అన్నం తింటుంటే విస్తట్లో ఎడమవైపు ఏముందో వేలితో తాకి చూసుకున్నాను. ఫొటోలు వచ్చాక స్టూడియోలో తెరవలేదు. బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని, నోటుపుస్తకం మోకాలి మీద పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను.

రేవు సరిపోయింది. లాకుల్లో ఒకటి సరిపోయింది. రెండోదానిలో ఎడమ అంచున మెట్ల మీద బట్టలుతుకుతున్న ఇద్దరున్నారు. ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన ఆగి ఉన్న ఆటో ఉంది. చెరువు గట్టున ఒకదానిలో వల విసరబోతున్న మనిషి ఉన్నాడు. విసరబోతున్న వల! దాన్ని చూడకుండా ఉండడం ఎలా సాధ్యం?

చివరకు టీ కొట్టు. తాటాకు పందిరి ఉంది, ఖాళీ బల్ల ఉంది, డ్రమ్ము ఉంది, కొబ్బరిచెట్టు ఉంది. వాటికి ఎడమ పక్కన మోటారు సైకిలు ఆపుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నాకు బాగా తెలిసిన మనిషి. ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసినవాళ్ళ అబ్బాయి. ఇప్పుడు అతనికే చెరువులున్నాయి. ఏడాదిగా దారిలో ఎదురైనా నన్ను పలకరించడం మానేశాడని, అతనుండే ఆ కొట్టులో టీ తాగడమే మానేశాను. మా వాళ్ళ దగ్గర తిన్నవాడు తల తిప్పుకుపోవడం సహించలేకపోయాను. ఫొటోలో అతను ఒక చెయ్యి హ్యాండిల్ మీద ఉంచి, రెండో చెయ్యి గుండెల దగ్గర పెట్టుకుని, తల కొంచెం వంచి ఉన్నాడు. నాకు నమస్కారం పెడుతున్నాడు.

నేను జవాబు చెప్పకుండా, అతని పక్కనున్న ఖాళీ బల్లకు ఫొటో తీసి, కెమెరా మడిచి వెళ్ళిపోయాను.

బస్టాండు గోల అంతా దూరమైపోయినట్టయింది. ఇంకా ఎంతమంది? ఎన్నాళ్ళుగా? కుడివైపునుంచి వచ్చినవాళ్ళు మంచివాళ్ళు, ఎడమవైపునుంచి వచ్చినవాళ్ళు విశ్వాసం లేనివాళ్ళు అని ఊరిని రెండు ముక్కలు చేసి బతుకుతున్నానా? అంతకన్నా భయం వేసిన సంగతి ఇంకొకటుంది. నాకు ఎక్కడా నల్లగా లేదు. మసగ్గా లేదు. ఎడమవైపు కూడా లోకం నిండుగానే ఉంది. అదే నిజం కానప్పుడు ఏది నమ్మాలి?

అంత తెలిశాక కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే పేరు పెడతాడు. పేరు పెట్టించుకోనంతకాలం నాన్నగారిది వేరు, నాది వేరు. పది రోజులు కెమెరా ముట్టుకోకుండా ఇంట్లో కూర్చున్నాను. పదకొండో రోజు, ఇంత పిరికితనమేమిటని నా మీద నాకే కోపం వచ్చి, కొత్త రోలు వేసుకుని సఖినేటిపల్లి వెళ్ళే పంటు ఎక్కాను.

పంటు గోదావరి మధ్య దాటి అవతలి ఒడ్డుకేసి వచ్చేసరికి ఎండ నీళ్ళ మీద పరుచుకుంది. ఆటోలు, మోటారు సైకిళ్ళు, గంపలు, మనుషులు. రేవు దగ్గరపడుతోందని బండ్లు దిగే వైపు అడ్డంగా కట్టే గొలుసు అప్పుడే విప్పేశారు. దూరాన నాలుగు చేపల పడవలు ఒకదాని వెనక ఒకటి సముద్రంకేసి పోతున్నాయి. చాలా రోజుల తర్వాత నా వేళ్ళకు ఉత్సాహం వచ్చింది. కెమెరా పట్టీ మెడలో వేసుకుని ముందు తలుపు తెరిచాను. లెన్సు టక్కుమని నిలబడింది. నాలుగో పడవ వ్యూఫైండర్‌లోకి రావడం లేదు. కొంచెం ఎడమకు జరిగితే వస్తుంది.

ఎడమవైపు చెక్కలున్నాయి. నేను చూశాను. తడిసి నల్లబడ్డ చెక్కలు, వాటి మీద మేకుల వరస. ఒక్క అడుగు వేశాను.

కాలి కింద ఏమీ లేదు.

వెనకనుంచి ఎవరో నా లాల్చీ మెడ దగ్గర పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. మోకాళ్ళ మీద పడ్డాను. మెడలో వేలాడుతున్న కెమెరా వచ్చి ఛాతీకి కొట్టుకుంది. ఎడమ కాలి చెప్పు నీళ్ళలో తేలుతూ పోవడం తల తిప్పాక కనబడింది.

"బాబుగారండీ! ఏంటండి, గోదాట్లోకి నడిచెళ్ళిపోతన్నారు! అటేం ఉందనుకున్నారండి?"

"చెక్క," అన్నాను.

"చెక్కేంటండి బాబూ, నీళ్ళండి!"

తల పూర్తిగా తిప్పి చూశాను. కొంగు నడుముకు దోపుకుని, గంప పక్కన పెట్టుకుని, నా ఫొటోలో ఉన్న ఆడమనిషి. నిజంగా ఉంది. ఊపిరి పీలుస్తోంది. నా లాల్చీ ఇంకా వదలలేదు.

మోటారు సైకిలు మీద కూర్చున్న ఒకతను, "వదిలెయ్ పిన్నీ, లాల్చీకి చేపల వాసనంటితే ఇంటికాడ ఆయన్ని లోపలికి రానివ్వరు," అన్నాడు. నలుగురూ నవ్వారు.

"నీళ్ళోసుకుంటే వాసన పోద్దిలే. మనిషి పోతే వత్తాడా?" అని అతని నోరు మూయించి నాతో అంది, "రోజూ రేవులో కనపడతారండి మీరు. ఏడాదిపాటు దండం పెట్టానండి. మీరు చూత్తే కదా! ఆస్తులు పోయినా బిగువు పోలేదులే అనుకుని నేనూ మానేశాను. ఇంతకీ అటెందుకడుగేశారండి?"

చెప్పులో కాలు జారిందని చెప్పవచ్చు. కళ్ళు తిరిగాయని చెప్పవచ్చు. నాన్నగారైతే ఏదో ఒకటి చెప్పి నిటారుగా లేచి నిలబడేవారు. నేను మోకాళ్ళ మీదే ఉండిపోయాను. కింద ఇంజను అదురుకు నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. ఆ నీళ్ళను చూస్తుంటే నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాకు ఎడమవైపు కనబడదు," అన్నాను.

ఆ మాట పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మా వంశంలోనే మొదటిసారి, నోటినుంచి బయటికి వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"ఎప్పటినించండి?" అంది ఆమె గొంతు తగ్గించి.

"తెలియదు."

"ఇంట్లో తెల్సా అండి?"

"తెలియదు."

"ఇంట్లో ఆడోళ్ళకి తెలీకుండా ఎలాగుంటదండి," అంది. పంటు ఒడ్డుకు తగిలింది. ఆమె గంప నెత్తిన పెట్టుకుని నా ఎడమ పక్కకు వచ్చి నిలబడింది. "పదండి. ఇటేపు నేనున్నాను."

ఒంటి చెప్పుతో తిరుగు పంటెక్కి ఇల్లు చేరేసరికి నా భార్య వసారాలో కూర్చుని తోటకూర కాడలు తుంచుతోంది. నేను గుమ్మంలోనే నిలబడి, మళ్ళీ అదే మాట చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టమైంది.

ఆమె తలెత్తలేదు. "నాకు తెలుసండి," అంది.

మా ఇంటికి ఒక పద్ధతి ఉంది. వచ్చినవాళ్ళు ఎవరైనా ఇంటి యజమానికి కుడివైపే కూర్చోవాలి. మంచినీళ్ళ గ్లాసు కుడిచేతి పక్కనే పెట్టాలి. వడ్డించేవాళ్ళు కుడివైపునుంచే రావాలి. పెద్ద ఇళ్ళ మర్యాదలు ఇలా ఉంటాయని నలుగురికీ చెప్పుకుని పొంగిపోయేవాణ్ణి. ఈ అద్దె వాటాలో రెండే కుర్చీలున్నా అవి ఆ పద్ధతి ప్రకారమే వేసి ఉంటాయి.

"అది మర్యాద కాదండి," అంది నా భార్య. "మావగారికి అటు కనపడక అత్తయ్యగారు పెట్టుకున్న పద్ధతి. నేను కాపరానికొచ్చిన మూడో నెలలో చెప్పారు. మా ఆయనకొచ్చింది నా కొడుక్కీ రావొచ్చు, గ్లాసు తడుముకోవడంతో మొదలవుతుంది, కనిపెట్టుకుని ఉండమన్నారు. మీరు రెండేళ్ళనించి తడుముకుంటన్నారు."

"మరి చెప్పలేదేం?"

"కళ్ళు చూపించుకోండని నాలుగుసార్లు చెప్పాను. నాలుగుసార్లూ వెళ్ళి కళ్ళజోడు మార్చుకొచ్చారు." ఆమె చేతిలోని కాడ తుంచకుండా అలాగే పట్టుకుంది. "అంతకన్నా గట్టిగా చెప్పడానికి నాకు భయమేసిందండి."

రెండు రోజుల తర్వాత ఇద్దరం రాజమండ్రి వెళ్ళాం. కంటి ఆసుపత్రిలో ఒక చిన్న చీకటి గది. గిన్నెను నిలబెట్టినట్టు ఒక తెల్లటి డొల్ల. అందులోకి గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, మధ్యలో ఉన్న చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట ఆవగింజంత వెలుగు వచ్చి పోతుంది. వచ్చినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. మొదట బాగానే నొక్కాను. తర్వాత ఏ వెలుగూ రాలేదు. పది సెకన్లు. ఇరవై. యంత్రం మాత్రం లోపల కదులుతున్న చప్పుడు వస్తూనే ఉంది. అంటే వెలుగులు వస్తున్నాయి. నాకే రావడం లేదు. ఆ చప్పుడును బట్టి నొక్కడం మొదలుపెట్టాను.

పక్కన కూర్చుని పరీక్ష చేస్తున్న అమ్మాయి యంత్రం ఆపింది. "బాబాయిగారూ, చూడకుండా నొక్కేత్తన్నారు. ఇది కనిపెట్టేస్తుందండి. కనపడకపోతే ఊరుకోండి. తప్పు లేదు."

తప్పు లేదని నాతో ఎవరూ అంతకుముందు అనలేదు. మళ్ళీ మొదటినుంచి చేశాం. ఈసారి కనబడనప్పుడు ఊరుకున్నాను. అలా చీకట్లో ఏమీ చేయకుండా ఊరుకోవడమంత భయంకరమైన పని నేను జీవితంలో చేయలేదు.

నీటికాసులన్నాడు డాక్టరు. గ్లకోమా. కంటి లోపలి ఒత్తిడికి నరం చచ్చిపోతుంది. అంచులనుంచి మొదలై మధ్యకు వస్తుంది. అందుకే చివరిదాకా అక్షరాలు చదవగలుగుతాం. నా ఎడమ కన్ను ముప్పాతిక వంతు పోయింది. కుడి కంట్లో ముక్కు వైపు భాగం, అంటే అదీ ఎడమవైపే, పోయింది. "పోయినచోట నల్లగా ఉండదండి. పక్కన ఏముంటే దానితో మెదడు పూడ్చేస్తుంది," అన్నాడు. పంటు మీద నేను చూసిన చెక్కలు, మేకులు నా మెదడు అల్లినవే. పోయింది రాదు. ఉన్నది పోకుండా జీవితాంతం చుక్కలు వేసుకోవాలి.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉందాండి?"

"లేదు," అన్నాను. ఆలోచించకుండానే వచ్చింది ఆ మాట.

"మావగారికుందండి," అంది నా భార్య వెనకనుంచి.

"పిల్లలు?"

"ఒక్క అమ్మాయండి. నలభై నిండాయి."

"వెంటనే చూపించండి."

అప్పటిదాకా ఉన్న భయం నా ఒక్కడిది. దానితో ఎలాగో నెట్టుకురావచ్చు. ఇది వేరు. మా అమ్మాయికి మా ఇంటినుంచి నేను ఇవ్వగలిగింది ఏమీ మిగల్లేదని ఎన్నోసార్లు బాధపడ్డాను. ఇది మిగిలిందని తోచలేదు.

కాకినాడలో టీచరుగా పనిచేస్తోంది తను. సాయంత్రం స్కూలు వదిలే వేళకు ఫోను చేశాను.

"ఏంటి నాన్నా, అమ్మ బాగుందా?"

"బాగుంది. స్కూటీ మీదున్నావా?"

"ఇప్పుడే ఇంటికొచ్చా. ఏంటి?"

"కొన్నాళ్ళు నడపకు."

"అదేంటి? నడపకపోతే స్కూలుకి ఎగిరెళ్ళాలా?"

చెప్పాను. తన తాతగారి సంగతి, నా సంగతి, పంటు సంగతి. అంతా విన్నాక, "తాతగారు పేపరు చదివేవారు కదా నాన్నా. నాకు కతలు కూడా చదివి చెప్పేవారు," అంది.

"చదివేవారు కాదు. అల్లి చెప్పేవారు."

"ఇంతకాలం నాకెందుకు చెప్పలేదు?"

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను. తను గొంతు మార్చి నెమ్మదిగా అంది. "గత నెలలో స్కూలు గేటుకి స్కూటీ అద్దం తగిలించా. ఎడమది. గేటు ఇరుకని వాచ్‌మన్ని తిట్టాను. ఇరుకే నాన్నా. నిజంగా ఇరుకే కదా? నువ్వు చూశావుగా ఆ గేటు."

"చూశాను," అన్నాను. "ఇరుకే."

ఆ గేటు నాకు గుర్తు లేదు.

తనకు అపాయింటుమెంటు దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ నేను కెమెరా మానలేదు. మానితే ఇంట్లో కూర్చుని ఆ గేటు గురించే ఆలోచించాలి. ఇప్పుడు పద్ధతి మార్చాను. కెమెరా తెరిచాక కన్ను ఆనించే ముందు మెడ పూర్తిగా ఎడమకు తిప్పి, గట్టునుంచి నీళ్ళదాకా చూసి, తర్వాత ఫొటో తీస్తాను. ఎవరైనా ఉంటే అడుగుతాను. మొదటిరోజు ఆ చేపలావిడనే అడిగాను. నా మాట తడబడింది. "మొన్నే తీసేసి ఇప్పుడడుగుతారేంటండి," అని నవ్వి, గంప సరిచేసుకుని నిలబడింది. టీ కొట్టుకు మాత్రం ఇంకా వెళ్ళలేకపోతున్నాను.

పదో రోజు కాకినాడ ఆసుపత్రిలో మా అమ్మాయి నేను చేసిన పరీక్షకే లోపలికి వెళుతోంది. గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని ఆపాను.

"కనబడకపోతే నొక్కకు. ఊరుకో. తప్పు లేదు," అన్నాను.

తను నా ముఖంకేసి చూసి తలూపింది. నాన్నగారిలాగే వీపు నిటారుగా ఉంచి లోపలికి నడిచింది. తలుపు లేదు, తెర ఒక్కటే. బల్ల మీద కూర్చున్నాను. యంత్రం మొదలైంది. తన చేతిలోని మీట చప్పుడు ఇవతలికి స్పష్టంగా వినబడుతోంది. ఒకటి. వెంటనే ఇంకొకటి. మూడు, నాలుగు. నా భార్య నా మోకాలి మీద చెయ్యి వేసింది. తర్వాత మీట చప్పుడు ఆగిపోయింది. వెలుగు రాలేదో, వచ్చినా తనకు కనబడలేదో ఇవతల కూర్చున్నవాళ్ళకు తెలిసే దారి లేదు. నేను ఊపిరి బిగబట్టి వింటున్నాను.